తుడవకూడని బల్ల

"ఇవాళ ఆ ఇంజన్ ఆగిపోతుంది చూడండి. నా మనసు చెబుతోంది."

డబ్బాలో కూర సర్దుతూ అంది ఆమె. అద్దం ముందు జుట్టు ముడేసుకుంటున్న కూతురు దువ్వెన ఆపి తండ్రి వైపు చూసింది. ఆయన టీ గ్లాసు పెదవుల దగ్గర్నుంచి దించకుండానే నవ్వాడు.

"నీ మనసు మొన్న గ్యాస్ బండ పేలుతుందని చెప్పింది. అంతకుముందు నా టాక్సీకి బ్రేకులు పోతాయని చెప్పింది. దాని మాటే నిజమైతే ఈపాటికి మనింట్లో ఒక్కరూ మిగలకూడదు."

"పొద్దున్నే ఆ మాటలేమిటండీ!"

"మొదలుపెట్టింది ఎవరూ?"

"ఆగదమ్మా," అంది కూతురు, పళ్ళ మధ్య పిన్ను పట్టుకుని. "నేను బిగించాను దాన్ని. ఈ వారం గడిచిందంటే పరీక్ష అయిపోయినట్టే."

"నువ్వు బిగించావు కాబట్టే నా భయం. వేరేవాళ్ళు బిగించి ఉంటే, ఆగితే ఆగనీ అనుకుందును."

తల్లీకూతుళ్ళిద్దరిదీ ఒకటే కార్ల కంపెనీ. కూతురు బిగించే గదిలో, తల్లి విప్పే గదిలో. కంపెనీ కొత్తగా తలపెట్టిన ప్రతి డీజిల్ ఇంజన్నీ ముందు ఆ బిగించే గదిలో చేత్తో కూరుస్తారు. తర్వాత పరీక్ష గదిలో ఇనుప దిమ్మకి కట్టేసి వారాల తరబడి ఊపిరి సలపకుండా తిప్పుతారు. కారులో ఉంటే జీవితకాలమంతా పడాల్సిన కష్టాన్ని అక్కడ కట్టేసిన చోటే పడుతుంది. పరీక్ష అయిపోయాక, లేదా మధ్యలోనే ప్రాణం పోయాక, విప్పే గదికి వస్తుంది. "మా అమ్మాయిది పురిటి గది, మా ఆవిడది పోస్టుమార్టం గది" అని తండ్రి టాక్సీ ఎక్కినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

ఇప్పుడు తిరుగుతున్న ఇంజన్ సంగతి మాత్రం వేరు. పైవాళ్ళు డీజిల్ రోజులు అయిపోయాయని బాహాటంగానే అంటున్నారు. ఇది గట్టెక్కితే డీజిల్ విభాగం ఇంకొన్నేళ్ళు బతుకుతుంది. లేదంటే తలుపులకి తాళం పడుతుంది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఇద్దరు దాన్ని మనసులో పెట్టుకున్నారు. తల్లి నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు.

*

విప్పే గదిలో ఒక గోడ పొడవునా పాత ఇంజన్లు ఇనుప స్టాండ్ల మీద వరసగా నిలబడి ఉంటాయి. తరానికొకటి. పొద్దున్నే వాటి దుమ్ము దులపడం ఆమె పని కాదు, కానీ దులుపుతుంది. లేకపోతే ఆ రోజు ఏదో జరుగుతుందని భయం.

"కోడళ్ళ ముస్తాబు అయ్యిందా అత్తగారూ?" అన్నాడు స్పానర్ బాబాయి, లోపలికొచ్చి చొక్కా మీద నీలం కోటు తొడుక్కుంటూ. గదిలో పనిచేసేది వాళ్ళిద్దరే. ఆయన బోల్టు విప్పితే ఆమె అందుకుని ట్రేలో పెడుతుంది. అందుకే కంపెనీ అంతా ఆమెని ట్రేలక్క అంటారు.

కోడళ్ళన్న పేరు ఆమే పెట్టింది. మొదటిది గయ్యాళి. డీజిల్‌ని ముందు పక్కనున్న చిన్న గదిలోకి చిమ్మి, అక్కడ మంట పుట్టాక పెద్ద గదిలోకి తోసేది. పొద్దున్నే లేవమంటే లేవదు. దాని గ్లోప్లగ్గుల వత్తులు ఎర్రగా కాలి, స్టీరింగు దగ్గరి లైటు ఆరేదాకా కాళ్ళ దగ్గర కాచుకుని కూర్చోవాలి. లేచాక ఊరంతా వినేట్టు డబడబలాడుతుంది. ఆమె భర్త టాక్సీలో ఇప్పటికీ అదే. రెండోది రొప్పుడుది. ఊపిరి చాలదని దానికి గాలి ఊదే టర్బో తగిలించారు. మూడోది ముక్కుసూటిది. చిన్న గదీ చిట్టి గదీ లేకుండా డీజిల్‌ని నేరుగా పిస్టన్ నెత్తినే చిమ్మడం దానితో మొదలైంది. డీజిల్ తక్కువ తాగింది గానీ నోరు తగ్గలేదు. నాలుగోది గుట్టుది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ ఒకటే లావుపాటి గొట్టం, అందులో ఎప్పుడూ విపరీతమైన ఒత్తిడి, చిమ్మాల్సిన చుక్కని ముక్కలు ముక్కలుగా చిమ్మడం. పక్కన నిలబడి మాట్లాడితే మాట వినబడిన మొదటి డీజిల్ అదే. ఐదోది చాదస్తపుది. తన మసి తానే జల్లెడలో పట్టుకుని, నిండాక తానే కాల్చుకుంటుంది.

పరీక్ష గదిలో ఉన్నది ఆరోది. దానికింకా పేరు పెట్టలేదు. గట్టెక్కాక పెడదామనుకుంది. ముందే పెడితే దిష్టి.

పరీక్ష గది గోడ అవతలే. ఆ మోతకి ఇక్కడ కిటికీ మీదున్న గ్లాసులో నీళ్ళు ఎప్పుడూ సన్నగా వణుకుతూనే ఉంటాయి. వారాలుగా వణికి వణికి, ఆ వణుకు ఉందన్న సంగతే ఇద్దరూ మరిచిపోయారు. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీస్తూ ఆమె గ్లాసు కోసం చెయ్యి చాచింది. నీళ్ళు కదలడం లేదు. అద్దంలా ఉన్నాయి.

"బాబాయ్," అంది.

బాబాయి నములుతున్నది ఆపి గోడకేసి చూశాడు. అవతల ఎవరో తలుపు తోసిన చప్పుడు, తర్వాత పరుగు.

"అయిపోయింది," అన్నాడాయన, ముద్ద డబ్బాలోకి జారవిడుస్తూ. "నోరు మూసుకుని తిను. రేపు పొద్దున్నకి మన బల్ల మీదుంటుంది."

*

చల్లారిన ఇంజన్ మర్నాడు పొద్దున్న ట్రాలీ మీద వచ్చింది. టర్బో పట్టేసిందని అప్పటికే అందరికీ తెలుసు. లోపల నిమిషానికి లక్షసార్లకి పైగా తిరిగే సన్నటి ఇరుసు, నూనె అందక వేడెక్కి నీలం తిరిగి, బేరింగు పోత కరిగి బిగుసుకుపోయిందట. నూనె ఎందుకు అందలేదన్నదే ప్రశ్న.

విప్పే గదికి రెండు కట్టుబాట్లు. ఒకటి, దేన్నీ తుడవకూడదు. మసైనా జిడ్డైనా, ఎక్కడున్నది అక్కడే ఉండాలి. ఇంటి ఇల్లాలిలాగా శుభ్రం చేసేశావో, సాక్ష్యం కడిగేసినట్టే. ఆమె కొత్తగా చేరినప్పుడు ఒక పిస్టన్ని తళతళలాడేట్టు తోమిపెట్టి బాబాయి చేత తిట్లు తింది. రెండోది, ముక్కలన్నీ తీసిన వరసలో పొడవాటి బల్ల మీద పరిచాక డీజిల్ విభాగం పెద్దాయన వస్తాడు. ఆయన బల్ల చుట్టూ ఒకసారి తిరిగేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. ఆ తర్వాత మొదట మాట్లాడాల్సింది విప్పినవాళ్ళే. చదువుకున్నవాళ్ళు తర్వాత.

బాబాయి కిందివైపు పట్టాడు. నడుం నొప్పి ఉన్నా అడుగునున్న నూనె తొట్టె తనే విప్పుతానంటాడు. ఆమె టర్బో వైపు పట్టింది. నూనె గొట్టం బోల్టు వదులుచేసి తీసింది. దాన్ని ట్రేలో పెట్టి, గొట్టం కూర్చునే రంధ్రంలోకి చిన్న టార్చి వేసి చూసింది.

లోపల అడ్డంగా ఏదో ఉంది. చంద్రవంక లాంటిది. నల్లగా.

పట్టకారుతో అందుకుని లాగింది. కాస్త మొరాయించి వచ్చింది. గోరంత ముక్క. మెత్తబడి, ముడుచుకుని, మళ్ళీ గట్టిపడింది. ఆమె చెయ్యి ఆలోచన లేకుండా నడుముకున్న గుడ్డ అందుకుంది, ముక్కని తుడిచింది. మసి కింద ఆకుపచ్చ.

బిగించే గదిలో ప్రతి గొట్టానికీ ప్రతి రంధ్రానికీ, దుమ్ము పడకుండా ఆకుపచ్చ ప్లాస్టిక్ మూత ఉంటుంది. కలిపే ముందు ఆ మూత లాగి పారేస్తారు. ఇది అలాంటి మూత అంచు. లాగినప్పుడు చిరిగి లోపలే ఉండిపోయింది. కొన్నాళ్ళు ఒక పక్కకి నక్కి, వేడికి కొంచెం కొంచెం సాగి, చివరికి దారికి అడ్డం పడింది.

ఈ ఇంజన్ బిగించింది కూతురు ఒక్కతే. వేరే చెయ్యి పడలేదు. పడలేదని ఇంట్లో రోజూ గొప్పగా చెప్పుకుంది కూడా.

అదే గుడ్డతో రంధ్రం అంచు కూడా తుడిచేసింది. ఎందుకు తుడిచిందో అడిగితే చెప్పలేకపోయేది. చెయ్యి తుడిచింది, అంతే.

"అక్కడేమైనా ఉందా అమ్మాయ్?" బల్ల కిందనుంచి బాబాయి గొంతు.

"ఆఁ? ఏం లేదు బాబాయ్."

ముక్క కోటు జేబులోకి వెళ్ళింది. దాని మీద ఆమె చెయ్యి.

పది గంటల టీ వేళకి పెన్సిల్ వచ్చాడు. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉండే కుర్ర ఇంజనీరు. ఈ ఇంజన్లో నూనె దారులు గీసింది అతనే. రాత్రి నిద్రపోయినట్టు లేడు. బల్లకి అడుగు దూరంలో ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా వంగి చూశాడు.

"అక్కా, టర్బోకి నూనె వెళ్ళే దారిలో ఏమైనా కనపడిందా? చెత్త, రజను, ఏదైనా?"

"లేదు బాబూ."

"ఏమీ లేదా?"

"శుభ్రంగా ఉంది."

అతను కాసేపు ఆ రంధ్రం వంకే చూశాడు. "అయితే నా గీతే తప్పన్నమాట," అన్నాడు, తనలో తనే. "ఆ వంపు దగ్గర సన్నం చేశాను. బరువు తగ్గించడానికి. సరిపోతుందనుకున్నాను." చెవి మీది పెన్సిల్ తీసి, దాన్నేం చెయ్యాలో తెలియనట్టు చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం షిఫ్టు దిగి వెళుతుంటే అతని గది తలుపు తీసే ఉంది. అట్టపెట్టెలో టీ కప్పు, స్కేళ్ళు, ఒక చిన్న మొక్క సర్దుకుంటున్నాడు. పైనుంచి వచ్చిన మేనేజరు కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో చెబుతున్నాడు. "కారణం తెలిసింది సార్. డ్రాయింగే తప్పు. ఆ, అదే, ఇక దీని మీద ఇంకో రూపాయి పెట్టడం దండగ. రేపు బల్ల చూడటం ఊరికే లాంఛనం."

ఆమె తల దించుకుని గబగబా నడిచింది. జేబులో ముక్క బరువేమీ లేదు. అయినా ఆ పక్క కోటు కిందికి లాగుతున్నట్టే ఉంది.

*

ఇంట్లో ఆరేసిన బట్టలు మడతపెడుతూ, మడత పెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మడతపెడుతూ, చివరికి చెప్పేసింది. తండ్రి ఇంకా రాలేదు. కూతురు స్టూలు మీద కూర్చుని కాలి గోళ్ళు తీసుకుంటోంది.

"ఒసేయ్. టర్బో నూనె దారిలో మూత ముక్క ఉంది."

గోళ్ళ కత్తెర ఆగింది. "ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేనే తీశాను." కోటు జేబులోంచి ముక్క తీసి కూతురి అరచేతిలో పెట్టింది.

కూతురు దాన్ని దీపం కిందికి పట్టింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ముఖంలో రంగు దిగిపోవడం తల్లి కళ్ళారా చూసింది. జ్వరం తగిలినప్పుడు కూడా అంత తొందరగా పాలిపోలేదు ఆ పిల్ల.

"తుడిచావా దీన్ని?"

"తుడిచాను."

"రంధ్రం కూడానా?"

"ఆఁ."

"అమ్మా! నువ్వు! ఇన్నేళ్ళ సర్వీసు నీది!"

"సర్వీసు సంగతి నాకు గుర్తుకొస్తుందటే ఆ టైములో? నువ్వే గుర్తొచ్చావు."

కూతురు ముక్కని గుప్పిట్లో మూసుకుంది. "పెన్సిల్‌ని పంపించేస్తున్నారు తెలుసా?"

"చూశాను."

"డీజిల్ మొత్తం మూసేస్తారట. ఇంజన్ చెడ్డదని. అది చెడ్డది కాదమ్మా. బంగారం లాంటిది. నేను బిగించాను కదా, నాకు తెలుసు."

"తెలుసే తల్లీ. కానీ రేపు ఇది బల్ల మీద పెడితే నీ మెడకి చుట్టుకుంటుంది. పెట్టకపోతే ఎవరి మెడకో చుట్టుకుంటుంది. నేనెవరి తల్లిని? చెప్పు."

"నేనే చెప్పేస్తాను రేపు."

"ఏమని చెబుతావు? నువ్వు చూశావా? చిరిగిన సంగతే నీకు తెలియదే! తీసింది నేను. తుడిచింది నేను. నువ్వెళ్ళి చెబితే, ఉద్యోగాలు నిలబెట్టుకోవడానికి ఇంట్లో కూర్చుని కథ అల్లుకొచ్చారంటారు." అనేశాక ఆమెకే ఆ మాట గట్టిగా తగిలింది. నిజమే. ఆ ముక్క ఎక్కడుండేదో తన నోరు తప్ప ఈ లోకంలో చెప్పేవాళ్ళు లేరు.

పక్కింట్లో ఎవరో బకెట్టు ఈడుస్తున్న చప్పుడు.

"అదికాదే," అంది తల్లి మెల్లిగా, "మూత లాగాక తిప్పి చూస్తావు కదా అంచు ఉందో లేదో? నీ అంత చాదస్తం ఆ గదిలో ఎవరికీ లేదంటారు. ఆ రోజేమైంది నీకు?"

కూతురు తలెత్తింది. కళ్ళు చిట్లించి, వెనకటి రోజుని వెతుక్కుంటున్నట్టు గోడ వంక చూసింది. ఉన్నట్టుండి ఏదో దొరికినట్టు పెదవులు విడిపోయాయి. అప్పుడు తల్లి ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. పెదవులు మళ్ళీ మూసుకున్నాయి.

"గుర్తులేదు," అంది.

ముక్కని తల్లి చేతిలో పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇక మాట లేదు. భోజనం దగ్గర లేదు, పొద్దున్న టీ దగ్గర లేదు. ఉప్పు కావాలంటే లేచి తనే తెచ్చుకుంది. తండ్రి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"మనింట్లో కూడా ఏదో ఇంజన్ ఆగినట్టుందే. విప్పి చూసేవాళ్ళెవరు?"

ఎవరూ నవ్వలేదు. ఆయన తాళాలు తీసుకుని, గయ్యాళి వత్తులు కాలేదాకా కాచుకోవడానికి కిందికి దిగిపోయాడు.

కంపెనీ బస్సులో తల్లీకూతుళ్ళు ఒకే సీట్లో కూర్చున్నారు. కిటికీ అద్దానికి తల ఆనించుకుని బయటికే చూస్తోంది కూతురు. నా మీద అసహ్యం పుట్టింది దీనికి, అనుకుంది తల్లి. దొంగని చూసినట్టు చూసింది రాత్రి. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుందేమో, ఈ చూపు పోతుందా? మళ్ళీ వెంటనే, ఉద్యోగం పోయి ఇంకోటి దొరక్కపోతే? పని తెలియని పిల్లని పేరు పడితే? ఇంజన్లో ముందుకీ వెనక్కీ పోయే పిస్టన్‌లాగా, ఆమె బుర్ర ఆ రెండింటి మధ్యే కొట్టుకుంది బస్సు గేటు దాటేదాకా.

*

బల్ల పరిచేశారు. ఒక చివర పిస్టన్లు, నెత్తిన మసితో, వేటి వరసలో అవి. పక్కన బేరింగులు, బోల్టులు, ఇంజెక్టర్లు. టర్బో ముక్కలుగా. నీలం తిరిగిన ఇరుసు. దాని పక్కన నూనె గొట్టం. గొట్టానికీ టర్బోకీ మధ్య చేతి వెడల్పు ఖాళీ వదిలింది ఆమె. ఏదైనా దొరికితే పెట్టే చోటు అది. ఖాళీగా ఉంటే ఏమీ దొరకలేదని అర్థం.

జనం వచ్చి గోడల వెంట నిలబడ్డారు. బిగించే గదివాళ్ళు ఒక పక్క, అందులో కూతురు. మేనేజరు తలుపు దగ్గర, మాటిమాటికీ గడియారం చూసుకుంటూ. పెన్సిల్ అందరికంటే వెనక. ఇవాళ చెవి మీద పెన్సిల్ లేదు.

పెద్దాయన వచ్చాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు గయ్యాళి పొగ కొలవడానికి చేరినవాడు. వరసలో నిలబడ్డ ఇంజన్లన్నీ ఆయన కళ్ళముందే పుట్టాయి. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, బల్ల చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ప్రతి ముక్క దగ్గరా కాస్త వంగుతాడు. దేన్నీ తాకడు. చెప్పుల చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ లేదు.

ఆమె జేబులో చెయ్యి పెట్టుకునే ఉంది. పెద్దాయన పిస్టన్లు దాటాడు. ఇంజెక్టర్లు దాటాడు. టర్బో దగ్గరికొచ్చి, ఆ ఖాళీ దగ్గర ఆగి, చూసి, ముందుకి కదిలాడు. వెనక నిలబడ్డ పెన్సిల్ కళ్ళు కిందికి దించుకున్నాడు. చేసిన నేరం లేకుండా మనిషి అలా తల దించుకోవడం ఆమె అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అతనికీ ఇంట్లో ఎవరో ఉంటారు. ఈపాటికి ఏం జరుగుతుందోనని కూర్చుని ఉంటుంది ఎవరో ఒకావిడ.

పెద్దాయన చుట్టు పూర్తిచేశాడు. "ఊఁ. విప్పినవాళ్ళు చెప్పండి. ఎందుకు ఆగింది?"

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఆయన మాట మొదలుపెట్టకముందే ఆమె బల్ల దగ్గరికి నడిచింది. జేబులోంచి ముక్క తీసి ఆ ఖాళీలో పెట్టింది.

"ఇది అడ్డం పడింది సార్. నూనె రంధ్రంలో. మూత అంచు. నేను నిన్ననే తీశాను, తీసి దాచాను. తుడిచాను కూడా. దారి మంచిదే సార్. ఆ బాబు గీత తప్పు కాదు." ఊపిరి పీల్చుకుంది. "బిగించింది మా అమ్మాయి."

తాను మాట్లాడిందని ఆమెకి తన గొంతు విన్నాకే తెలిసింది. గోడల వెంట గుసగుస లేచింది.

మేనేజరు ముందుకొచ్చాడు. "ఇదేం నాటకం? నిన్న లేనిది ఇవాళ జేబులోంచి వస్తుందా? ఆ ముక్క అందులోనే ఉందని రుజువేది? విభాగం మూతపడుతుందని తెలిసి ఎవరైనా తెచ్చి పెట్టొచ్చు."

"అయ్యా," అన్నాడు స్పానర్ బాబాయి, తొందర లేకుండా. "విభాగాన్ని కాపాడాలనుకుంటే పక్కింటివాళ్ళ పిల్ల మీద చెబుతారు గానీ, కన్నకూతురి నెత్తిన రాయి వేసుకుంటారా ఎవరైనా? ఈవిడ సంగతి మీకు తెలియదు. ఆ పిల్ల తుమ్మితే ఈవిడ డాక్టరు దగ్గరికి పరిగెడుతుంది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దాయన కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. ముక్కని చూశాడు, గొట్టాన్ని చూశాడు, ఆమెని చూశాడు.

"దాచినదానికి తర్వాత మాట్లాడదాం అమ్మా," అన్నాడు. "దానికి వేరే లెక్క ఉంది. ముందు ఇది." మేనేజరు వైపు తిరిగాడు. "ఇదే కారణమైతే ఇంజన్ ఓడిపోలేదు. ఇంకోటి బిగించి మళ్ళీ ఎక్కిస్తాం. కానీ మూత ఎలా చిరిగి లోపలుండిపోయిందో తేలాలి. తేలకపోతే దానిలోనూ ఉండదని నమ్మకమేమిటి?"

"తేలేదేముంది? అజాగ్రత్త," అన్నాడు మేనేజరు. "ఆ అమ్మాయిని పంపించేస్తే తేలిపోతుంది."

పెద్దాయన బిగించే గదివాళ్ళ వైపు తిరిగాడు. "ఇలా రామ్మా," అన్నాడు కూతురితో.

కూతురు వచ్చి బల్లకి అవతల నిలబడింది. చేతులు ఒకదానిలో ఒకటి.

"మూత లాగాక అంచు చూడకుండా గొట్టం బిగించవు నువ్వు. నీ పని నేను చూశాను. ఆ రోజు చూడలేదు. అంటే లాగడానికీ బిగించడానికీ మధ్య పని ఆగిందన్నమాట. ఆగితే మళ్ళీ మొదట్నుంచి చూసుకోవాలని రూలుంది. చూసుకోలేదు, సరే. ముందు ఎందుకు ఆగిందో చెప్పు. ఎవరైనా పిలిచారా?"

కూతురు చేతివేళ్ళు ఇంకా గట్టిగా పెనవేసుకుంది.

"పనిముట్టు విరిగిందా? కరెంటు పోయిందా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి?"

నేల వంక చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"చూశారా," అన్నాడు మేనేజరు. "చెప్పడానికేమీ లేదు. కారణం ఉంటే చెప్పదా?"

చెప్పవే, అనుకుంది తల్లి. ఏదో ఒకటి చెప్పు. రాత్రి గోడ వంక చూసి వెతుక్కున్నావు, దొరికింది కదా నీకు, దొరికినట్టే ఉంది నీ ముఖం. అప్పుడు నా వంక చూశావు...

ఆమె చెయ్యి వెళ్ళి బల్ల అంచు పట్టుకుంది.

కూతురు ఈ ఇంజన్ బిగిస్తున్న ఆ రోజు మధ్యాహ్నం ఆకాశం ఉన్నట్టుండి నల్లబడింది. గాలికి ఈ గది కిటికీ రెక్క కొట్టుకుంది. ఆమె లేచి రెక్క మూసి, ఆ మూలనున్న ఫోను ఎత్తి బిగించే గదికి కలిపింది. అవతల గోడ ఫోను చాలాసేపు మోగింది. చివరికి కూతురే ఎత్తింది. చేతిలో పనుందమ్మా అంది. ఒక్క నిమిషమే అని తను చాలా నిమిషాలు మాట్లాడింది. ఉరుముతోంది, కిటికీ దగ్గర నిలబడకు, బస్సు స్టాపు దగ్గర నీళ్ళు నిలుస్తాయి, మొన్న ఎవరో కరెంటు స్తంభం ముట్టుకున్నారట. సరేనమ్మా, సరేనమ్మా, అంటూనే ఉంది ఆ పిల్ల.

గదిలో అందరూ కూతుర్నే చూస్తున్నారు. పెద్దాయన తొందరపెట్టలేదు. అలాగే నిలబడి ఉన్నాడు. తలుపు దగ్గర మేనేజరు గడియారం చూసుకున్నాడు. పెన్సిల్ తలెత్తాడు. కూతురు ఒక్కసారి, ఒక్క క్షణం, కళ్ళెత్తి తల్లిని చూసి, వద్దన్నట్టు తల కదిపీ కదపనట్టు కదిపి, మళ్ళీ నేల చూపులు చూసింది. అందులో కోపం లేదు. నిన్న రాత్రి కూడా లేదు.

"ఫోనొచ్చింది సార్," అంది తల్లి. "నేనే చేశాను. వాన వచ్చేట్టుంది, గొడుగు తీసుకెళ్ళావా అని."